ఆంగ్ల శాస్త్రీయ దీర్ఘపదాలు: సిలబుల్ విభజన, ఉచ్చారణ

ఆంగ్లంలో శాస్త్ర విషయాలకు వాడే పొడవైన పదాలను పలకడానికి అనువైన ముక్కలుగా విడదీయడాన్ని సిలబుల్ విభజన అంటారు. ఆ ముక్కల్లో దేన్ని నొక్కి పలకాలి, దేన్ని తేల్చి పలకాలి, రాతలో ఉన్న ఏ అక్షరం నోట పలకదు అన్నవి ఉచ్చారణకు సంబంధించిన అంశాలు. ఈ పదాల్లో ఎక్కువ భాగం గ్రీకు, లాటిన్ మూలాలతో కట్టినవి. వాటి అర్థం ఒక చోట విడిపోతే, ధ్వని తరచు మరో చోట విడిపోతుంది. పలకడంలో వచ్చే చిక్కుల్లో చాలా వాటికి ఈ తేడాయే మూలం.

నిర్వచనం, పరిభాష

ఒక్క ఊపులో నోటి నుంచి వెలువడే ధ్వనుల ముక్క సిలబుల్. దాని నడిమి భాగం అచ్చు. ఆంగ్లంలో ఆ అచ్చుకు ముందు మూడు హల్లుల దాకా, తరువాత నాలుగు దాకా చేరవచ్చు. అసలు ఏవీ లేకపోనూ వచ్చు. తెలుగు భాషాశాస్త్ర గ్రంథాలు దీన్ని అక్షరం అంటాయి. వాడుకలో ఆ మాటకు లిపిలోని గుర్తు అనే అర్థమే ముందు స్ఫురిస్తుంది కాబట్టి ఇక్కడ సిలబుల్ అనే వాడాం. ఈ వ్యాసంలో అక్షరం అంటే ఆంగ్ల లిపిలోని అక్షరమే.

సిలబుల్స్ లెక్క వినిపించే అచ్చులను బట్టి ఉంటుంది, రాసిన అచ్చులను బట్టి కాదు. రిథమ్ అనే పదం స్పెల్లింగ్‌లో ఏ, ఈ, ఐ, ఓ, యూ ఒక్కటీ లేవు, అయినా అందులో సిలబుల్స్ రెండు. మెటబాలిజమ్‌లో చివరి ఎస్, ఎం అక్షరాల మధ్య అచ్చేమీ రాయకపోయినా అక్కడ ఒక సిలబుల్ వినిపిస్తుంది.

ఒక సిలబుల్‌ను తక్కిన వాటికంటే బలంగా, కాస్త సాగదీసి పలకడం ఊనిక. ఈ వ్యాసంలో ప్రధానమైన ఊనిక పడే సిలబుల్ ముందు ˈ గుర్తు ఉంచాం. ఊనిక లేని చోట అచ్చు కుదించుకుపోయి, నోరు పూర్తిగా తెరవకుండా పలికే పొట్టి ‘అ’గా మారుతుంది. ఆంగ్లంలో తరచు వినిపించే అచ్చు ఇదే. లిపిలో దీనికి ప్రత్యేకమైన గుర్తు లేదు.

చారిత్రక నేపథ్యం

యూరప్‌లో పండితుల రాతభాష శతాబ్దాల పాటు లాటిన్. స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండు పదాల లాటిన్ పేర్లను స్థిరపరిచాడు. ఫ్రాన్స్‌లో గైటన్ ద మోర్వో, లవోయిజర్, బెర్తొలే, ఫూర్‌క్రవా కలిసి 1787లో రసాయన నామకరణ పద్ధతిని ప్రకటించారు. విద్యుత్తుతో ద్రావణాలను విడగొట్టిన మైకేల్ ఫారడే తన కొత్త భావనలకు పేర్లు కావాలని కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూవెల్‌ను సంప్రదించాడు. యానోడ్, కేథోడ్, యానయాన్, కాటయాన్ అనే మాటలు అలా 1834లో వాడుకలోకి వచ్చాయి.

ఈ మాటలు ప్రాచీన గ్రీకులు, రోమన్లు పలికినట్టు ఇప్పుడు వినిపించవు. సుమారు 1400 నుంచి 1700 వరకు ఆంగ్లంలో దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. ఈ పరిణామానికి మహా అచ్చు మార్పు అని పేరు. ‘ఈ’గా పలికినది ‘ఐ’ అయింది, ‘ఏ’ అన్నది ‘ఈ’ అయింది, ‘ఆ’ అన్నది ‘ఏ’ అయింది. ఆంగ్లేయులు లాటిన్ చదివేటప్పుడూ అదే పలుకుబడిని వాడారు. బసిలస్‌కు బహువచనం ‘బసిలీ’ కాకుండా ‘బసిలై’ కావడానికి కారణం ఇదే. 19వ శతాబ్దపు చివరి భాగం నుంచి బడుల్లో రోమన్ల నాటి ఉచ్చారణను పునరుద్ధరించే ప్రయత్నం సాగడంతో రెండు పద్ధతులూ పక్కపక్కనే నిలిచాయి. విలియం స్టెర్న్ 1966లో వెలువరించిన ‘బొటానికల్ లాటిన్’ గ్రంథం ఆ రెండింటినీ వివరిస్తుంది.

ఉచ్చారణను నిఘంటువులకు ఎక్కించడం 18వ శతాబ్దంలో ఊపందుకుంది. లండన్‌లో జాన్ వాకర్ 1791లో ఉచ్చారణ నిఘంటువును, 1798లో గ్రీకు, లాటిన్ నామాల ఉచ్చారణకు ఒక సూచికను ప్రచురించాడు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1783 నాటి తన వర్ణక్రమ వాచకంలో అంతకుముందటి విభజన పద్ధతిని మార్చాడు. పాత వాచకాలు హల్లును తరువాతి ముక్కకు చేర్చేవి. ముక్కను చదవగానే సరైన ధ్వని రావాలంటే పొట్టి అచ్చు వెంట హల్లును కూడా ఉంచాలని వెబ్‌స్టర్ వాదించాడు. అమెరికన్ నిఘంటువులు నేటికీ ఆ దారినే నడుస్తున్నాయి. అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం 1886లో పారిస్‌లో ఏర్పడింది. డేనియల్ జోన్స్ ఉచ్చారణ నిఘంటువు 1917లో వచ్చింది.

అర్థపు అతుకులు, ధ్వని విరుపులు

పొడవైన శాస్త్రపదాన్ని రెండు విధాలుగా విడదీయవచ్చు. మూలాంశాలను బట్టి విడదీస్తే అర్థం తెలుస్తుంది, సిలబుల్స్‌ను బట్టి విడదీస్తే పలకడం వస్తుంది. రెండూ ఒక్క చోటే పడితే ఇబ్బంది లేదు. ఫోటో, సింథసిస్ కలిసిన పదంలో అతుకూ విరుపూ ఒకటే: ఫో-టో-ˈసిన్-థ-సిస్.

హెలికాప్టర్ సంగతి వేరు. విన్నవారికి ‘హెలి’, ‘కాప్టర్’ రెండు ముక్కలుగా తోస్తుంది. నిజానికి ఇందులో ఉన్నవి మెలిక తిరిగినది అనే అర్థమిచ్చే ‘హెలికో’, రెక్క అనే అర్థమిచ్చే ‘ప్టెరాన్’. ఫ్రెంచివాడు పోంతో దమెకూర్ 1861లో ఈ పేరు కట్టాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫాన్ మేయర్ ఒక శిలాజపక్షికి ఆర్కియాప్టెరిక్స్ అని పేరు పెట్టిందీ ఆ ఏడాదే. ఆ పేరులోనూ ఇదే రెక్క ఉంది: ఆర్-కి-ˈఆప్-ట-రిక్స్. సీతాకోకచిలుకల వర్గమైన లెపిడాప్టెరాలోనూ ఉంది.

ఈ మూలాంశం పదం మొదట వస్తే పీ అక్షరం మూగబోతుంది. టెరడాక్టిల్ స్పెల్లింగ్ పీతో మొదలవుతుంది, పలుకు టీతో మొదలవుతుంది. కారణం సిలబుల్ నిర్మాణంలో ఉంది. పీ, టీ ధ్వనులు జంటగా సిలబుల్ మొదట నిలవడానికి ఆంగ్లం ఒప్పుకోదు కాబట్టి మొదటిది రాలిపోతుంది. పదం నడుమనైతే పీ వెనుకటి సిలబుల్‌కు ముగింపుగా చేరిపోతుంది, టీ తరువాతి దాన్ని మొదలుపెడుతుంది. రెంటికీ చోటు దొరుకుతుంది కాబట్టి రెండూ వినిపిస్తాయి.

ఇదే సూత్రం మరికొన్ని జంటలకూ వర్తిస్తుంది. నెమానిక్‌లో మొదటి ఎం పలకదు, ఆమ్నీజియాలో పలుకుతుంది. నోసిస్ మొదటి జీ పలకదు, డయాగ్నోసిస్‌లో పలుకుతుంది. పదం చివరా ఇదే తీరు: డయాఫ్రమ్‌లో ఎం ముందున్న జీ వినపడదు, దానికి ప్రత్యయం తగిలించి డయాఫ్రగ్మాటిక్ అనగానే వినిపిస్తుంది. అయితే రెండో భాగం విడిగా బాగా వాడుకలో ఉన్న పదమైతే పాత మౌనమే నిలుస్తుంది. పారాసైకాలజీలో, బ్రాంకోన్యుమోనియాలో పీ పలకదు. సైకాలజీ, న్యుమోనియా అన్న మాటలు చెవికి ముందే పరిచయం కావడం దీనికి కారణం.

అతుకును తప్పుగా పోల్చుకుంటే పదమే మారిపోతుంది. కాటయాన్ స్పెల్లింగ్ చివర లొకేషన్, వెకేషన్ పదాల చివర ఉన్న అక్షరాలే ఉన్నాయి. వాటిలాగే చదివితే ‘కేషన్’ అవుతుంది. ఇందులో ఉన్నవి కాట్, అయాన్ అనే రెండు అంశాలు కాబట్టి ˈకాట్-అ-యాన్ అని మూడు సిలబుల్స్. అయానీకరణ చెందనిది అనే మాటకు, కార్మిక సంఘంగా ఏర్పడినది అనే మాటకు ఆంగ్లంలో స్పెల్లింగ్ ఒకటే. రసాయనశాస్త్రంలో అది అన్-ˈఅ-య-నైజ్డ్, కార్మిక వ్యవహారాల్లో ˈయూ-న్య-నైజ్డ్.

పక్కపక్కన రాసిన రెండు అచ్చులు ఒకే ధ్వనా, రెండు సిలబుల్సా అన్నది కూడా అతుకే చెబుతుంది. జో-ˈఆ-ల-జీ అన్నది నిఘంటువులు ఇచ్చే సంప్రదాయ రూపం. మొదటి ఓ ‘జోఆన్’ అనే గ్రీకు మాటది, రెండోది కలిపే అచ్చు. లండన్ జంతుప్రదర్శనశాల పేరును కుదించగా పుట్టిన ‘జూ’ ప్రభావంతో జువాలజీ అనే పలుకు విస్తరించింది. తెలుగులో స్థిరపడింది కూడా అదే.

ఊనిక నియమాలు

దీర్ఘపదంలో ఊనిక స్థానాన్ని చివరి నుంచి లెక్కించాలి. పదం ఎంత పొడవైనా ప్రధానమైన ఊనిక సాధారణంగా చివరి మూడు సిలబుల్స్‌లోనే పడుతుంది. ఆంగ్ల ఊనికకు వెనుక ప్రాచీన లాటిన్ నియమం ఉందని నోమ్ చామ్‌స్కీ, మోరిస్ హాలే 1968లో ప్రచురించిన ‘ద సౌండ్ పాటర్న్ ఆఫ్ ఇంగ్లిష్’ విశదంగా చూపింది. చివరి నుంచి రెండో సిలబుల్ బరువైనదైతే ఊనిక దానిపైనే పడుతుంది, తేలికైతే ఒక మెట్టు వెనక్కి వెళ్లి మూడోదానిపై పడుతుంది.

బరువు, తేలిక అన్న ఈ భేదం తెలుగు ఛందస్సు చదివినవారికి కొత్తది కాదు (చూ. గురువు, లఘువు). దీర్ఘాచ్చు ఉన్నదీ, హల్లుతో మూతపడినదీ బరువు. పొట్టి అచ్చుతో విడిచిపెట్టినది తేలిక. డై-అగ్-ˈనో-సిస్‌లో ‘నో’ దీర్ఘం కాబట్టి ఊనికను తానే తీసుకుంది. అ-ˈపెన్-డిక్స్‌లో ‘పెన్’ నకారంతో మూతపడింది కాబట్టి గురువు. హై-ˈపా-థ-సిస్‌లో ‘థ’ లఘువు, ఊనిక ‘పా’ మీదికి జరిగింది. క్రి-ˈసాన్-థ-మమ్ అనే చామంతి పేరులోనూ అంతే.

పోలిక ఇంకాస్త ముందుకూ వెళుతుంది. తెలుగులో సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అయినా, రేఫ కలిసిన సంయుక్తానికి ముందు తేల్చి పలికితే లఘువుగా ఉండే మాటలున్నాయి, ‘అద్రుచు’ వంటివి. లాటిన్‌లోనూ రేఫ కలిసిన జంట ముందటి సిలబుల్‌ను బరువెక్కించదు. వెన్నుపూస పేరైన ˈవర్-టి-బ్రలో ఊనిక మొదటికే వెళ్లడం అందువల్లే.

ప్రత్యయాలు ఈ నియమాన్ని మరింత సులువు చేస్తాయి. ప్రత్యయం పోల్చుకుంటే ఊనిక దొరికినట్టే. లజీ, గ్రఫీ, మిటర్, ఇటీ, ఇకల్ అనేవి తమకు ముందున్న సిలబుల్‌పై ఊనికను నిలుపుతాయి. ఇక్, షన్ కూడా తమ ముందున్నదాన్నే నొక్కిస్తాయి. ఓసిస్, ఐటిస్, ఓమా, ఈమియా అనే వైద్య ప్రత్యయాలు ఊనికను తమ తొలి అచ్చుపైనే పెట్టుకుంటాయి. కాబట్టి ఒకే మూలం నుంచి పుట్టిన పదాల్లో ఊనిక చోటు మారుతూ పోతుంది: ˈఫో-ట-గ్రాఫ్, ఫ-ˈటాగ్-ర-ఫీ, ఫో-ట-ˈగ్రా-ఫిక్. ఊనిక కదిలినప్పుడు అచ్చుల ధ్వని కూడా మారుతుంది. మొదటి పదంలో ‘ఫో’ అని నిండుగా పలికినది రెండోదానిలో ‘ఫ’గా నలిగిపోయింది.

ఇందులో ఒక విశేషం గమనించదగ్గది. థర్-ˈమా-మి-టర్, బై-ˈఆ-ల-జీ పదాల్లో ఊనిక పడినది రెండు మూలాలను అతికే ఓ అచ్చుపైన. అర్థం దృష్ట్యా పదంలో అతి తక్కువ విలువ గల అక్షరం ధ్వనిలో అన్నిటికంటే పైకి లేచింది.

మినహాయింపులు ఉన్నాయి. ఇక్‌తో ముగిసినా అరిథ్మటిక్ నామవాచకంలో ఊనిక ‘రి’పై ఉంటుంది. ఆర్సెనిక్ అనేది మూలకం పేరైతే మొదటి సిలబుల్‌పై, విశేషణమైతే ‘సె’పై. కొలిచే పరికరాల పేర్లలో ఊనిక మిటర్‌కు ముందు పడుతుంది; సెంటీమీటర్ వంటి ప్రమాణాల పేర్లలో మొదటి సిలబుల్‌పై పడి మీటర్ నిండుగా వినిపిస్తుంది. కిలోమీటర్ మాత్రం రెండు విధాలా చలామణిలో ఉంది.

అయిదారు సిలబుల్స్ దాటిన పదంలో ప్రధాన ఊనికతో పాటు చిన్న ఊనికలూ ఉంటాయి. అవి ప్రధానమైనదాని నుంచి వెనక్కి రెండేసి, కొన్నిచోట్ల మూడేసి సిలబుల్స్ ఎడంతో పడతాయి. మెదడు విద్యుత్తు నమోదుకు పేరైన ఇ-లెక్-ట్రో-ఎన్-సె-ఫ-ˈలాగ్-ర-ఫీలో తొమ్మిది సిలబుల్స్ ఉన్నాయి. ‘లాగ్’పై పెద్ద ఊనిక, ‘సె’, ‘లెక్’ల మీద చిన్నవి.

స్పెల్లింగ్, ధ్వని

గ్రీకు మాటలు లాటిన్ లిపి మీదుగా వచ్చాయి కాబట్టి కొన్ని జంట అక్షరాలకు స్థిరమైన పలుకు ఉంది. పీ-హెచ్ జంట ‘ఫ’, సీ-హెచ్ జంట ‘క’ (క్లోరోఫిల్, క్రోమోజోమ్, మైటోకాండ్రియా), ఆర్-హెచ్ ఉత్త ‘ర’. మొదట వచ్చే ఎక్స్ ‘జ’ అవుతుంది, జైలమ్‌లో లాగ. వై అక్షరం అచ్చుగా నిలిచి ‘ఇ’, ‘ఐ’లలో ఒకటి పలుకుతుంది. ఏ-ఈ, ఓ-ఈ జంటలు ‘ఈ’ ధ్వనికి గుర్తులు, అందుకే సీకమ్, సీలమ్. సీ, జీ అక్షరాలు ఈ, ఐ, వైల ముందు మెత్తబడి ‘స’, ‘జ’ అవుతాయి. తక్కిన చోట్ల ‘క’, ‘గ’.

మెత్తబడే నియమం ఒకే కుటుంబంలోని మాటలను కూడా విడదీస్తుంది. స్వరపేటికకు విశేషణం ల-ˈరిన్-జి-యల్. అదే మూలం ఉన్న చెవి-ముక్కు-గొంతు వైద్యశాఖ పేరు ఓ-టో-రై-నో-లా-రిన్-ˈగా-ల-జీ. జీ తరువాత మొదటిదానిలో ఈ, రెండోదానిలో ఓ ఉన్నందువల్ల ఈ తేడా వచ్చింది. శిలీంధ్రాలకు పేరైన బహువచనం ఫంగై, ఫంజై అని రెండు విధాలా సాగుతోంది.

మనుషుల పేర్ల నుంచి పుట్టిన పదాలు ఈ లెక్కలకు లొంగవు. జర్మన్ వైద్యుడు లియొన్‌హార్ట్ ఫుక్స్ పేరిట ఏర్పడిన పూలమొక్క పేరు ఆంగ్లంలో ˈఫ్యూ-షా.

విభజించి పలికే పద్ధతి

బోధనలో సాధారణంగా పాటించే వరుస ఇది. ముందు మూలాంశాలను గుర్తించి అతుకులు గీస్తారు. తరువాత వినిపించే అచ్చులను లెక్కించి, రెండు అచ్చుల నడుమ ఒక హల్లు ఉంటే అది ఎటు చేరుతుందో చూస్తారు. ముందున్న అచ్చు దీర్ఘమైతే హల్లు తరువాతి ముక్కకు వెళుతుంది. పొట్టిదై ఊనిక పడితే వెబ్‌స్టర్ సంప్రదాయంలో హల్లు ముందున్న ముక్కలోనే ఉంటుంది. రెండు హల్లులుంటే మధ్యలో విరుస్తారు. ఆ తరువాత ప్రత్యయాన్ని బట్టి పెద్ద ఊనికనూ, వెనక్కి లెక్కించి చిన్న ఊనికలనూ ఉంచి, మిగిలినవాటిని తేలిక చేస్తారు.

ఆ ఒంటరి హల్లు నిజంగా ఎవరిదన్న దానిపై భాషాశాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు. వీలైనన్ని హల్లులు తరువాతి సిలబుల్‌కే చెందాలని ఒక వాదం. డేనియల్ కాన్ 1976 నాటి తన సిద్ధాంత గ్రంథంలో అలాంటి హల్లు ఒకేసారి రెండు సిలబుల్స్‌కూ చెందుతుందని ప్రతిపాదించాడు. ఊనిక పడిన సిలబుల్ హల్లులను తనవైపు లాక్కుంటుందన్నది 1990లో లాంగ్‌మన్ ఉచ్చారణ నిఘంటువు కూర్చిన జాన్ వెల్స్ పక్షం. నేర్చుకునేవారి నోటికి వీటి వల్ల పెద్ద తేడా రాదు. నిఘంటువుల్లో గీతలు వేరువేరు చోట్ల ఎందుకు కనిపిస్తాయో మాత్రం తెలుస్తుంది.

చదవడంలో ఇబ్బంది పడే పిల్లల కోసం అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ 1930లలో రూపొందించిన బోధన సంప్రదాయం సిలబుల్స్‌ను ఆరు రకాలుగా వర్గీకరించి నేర్పుతుంది. పెద్దల భాషా తరగతుల్లో తోక నుంచి పేర్చే పద్ధతి ప్రసిద్ధం. ముందు ‘ఫీ’, తరువాత ‘రఫీ’, ‘లాగ్రఫీ’, ‘సెఫలాగ్రఫీ’ అంటూ వెనుక నుంచి ముందుకు పెంచుకుంటూ వస్తారు. ఊనిక చివరి నుంచి నిర్ణయమవుతుంది కాబట్టి ఈ పద్ధతిలో అది మొదటి నుంచీ తన చోటునే ఉంటుంది. మొదటి నుంచి చదువుకుపోతే ఊపిరి అయిపోయే వేళకు ఊనిక రావలసి వస్తుంది.

రసాయన నామాలు

కర్బన సమ్మేళనాల పేర్లకు 1892లో జెనీవా సమావేశం నియమాలు చేసింది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్ర సమాఖ్య వాటిని కొనసాగిస్తోంది. ఈ పేర్లు ఎంత పొడవైనా అతుకుకూ విరుపుకూ మధ్య వైరం తక్కువ, ఎందుకంటే ప్రతి ముక్క ఒక పరమాణువునో సమూహాన్నో సంఖ్యనో సూచిస్తుంది. డీడీటీ పూర్తి పేరులో 31 అక్షరాలు, 11 సిలబుల్స్: డై-క్లో-రో-డై-ఫె-నిల్-ట్రై-క్లో-రో-ˈఈ-థేన్.

జాగ్రత్త పడాల్సింది చివరి అచ్చు దగ్గర. ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ మూడూ వేరువేరు వర్గాలు, చెవికి తేడా ఒక్క అచ్చే. వైద్యంలో హైపర్, హైపో అలాంటివే. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ. చిన్నపేగు చివరి భాగానికీ తుంటి ఎముక భాగానికీ ఆంగ్లంలో ఉన్న పేర్ల స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా ఉంది, పలుకు మాత్రం ఒకటే: ˈఇ-లి-యమ్. ఏది ఉద్దేశించారో సందర్భమే చెప్పాలి.

ఔషధ నామాలు

మందుల సాధారణ నామాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి క్రమబద్ధం చేస్తోంది. పేరు వినడానికీ రాయడానికీ ఇతర పేర్లతో కలవకూడదన్నది ప్రధాన నియమం. అన్ని భాషలవారికీ పలకడం తేలిక కావాలని పీ-హెచ్‌కు బదులు ఎఫ్, టీ-హెచ్‌కు బదులు టీ, వైకి బదులు ఐ వాడాలని ఆ మార్గదర్శకాలు సూచిస్తాయి. సెఫలెక్సిన్ స్పెల్లింగ్ రెండు విధాలుగా కనిపించడానికి కారణం ఇదే.

జీవుల పేర్లు

జీవశాస్త్ర నామకరణ నియమావళులు స్పెల్లింగ్‌ను శాసిస్తాయి, ఉచ్చారణను వక్తకు వదిలేస్తాయి. ఊనికకు లాటిన్ గురులఘు నియమమే ఆధారం. శేషాచలం కొండల ఎర్రచందనం శాస్త్రనామంలోని మొదటి మాటకు రెక్కల కాయ అని అర్థం. మొదటి పీ మూగది: టె-రో-ˈకార్-పస్. వేప పేరు అ-జా-డి-ˈరాక్-టా పారశీక మాట నుంచి ఏర్పడింది, సీ-హెచ్ ఇందులోనూ ‘క’యే.

ఊరి పేరుకు ‘ఎన్సిస్’ తగిలిస్తే ఆ ఊరికి చెందినదని అర్థం. తెలంగాణలో యమన్‌పల్లి దగ్గర కోట రాతిపొరల్లో దొరికిన జురాసిక్ కాలపు రాక్షసబల్లికి 1988లో యాదగిరి కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. తెలుగు నోట ఊరి పేరు మొదటి అక్షరం దగ్గర కాస్త ఒత్తుతో పలుకుతుంది. లాటిన్ తోక చేరగానే ఊనిక అక్కడి నుంచి లేచి, నకారంతో మూతపడిన ‘ఎన్’ మీదికి పోతుంది: య-మన్-పల్-లి-ˈఎన్-సిస్.

బ్రిటిష్, అమెరికన్ భేదాలు

హంఫ్రీ డేవీ ఒక లోహానికి 1808లో అల్యుమియమ్ అనీ, 1812లో అలూమినమ్ అనీ పేర్లు సూచించాడు. అమెరికాలో అ-ˈలూ-మి-నమ్ నాలుగు సిలబుల్స్‌తో నిలిచింది, బ్రిటన్‌లో అల్-యు-ˈమి-ని-యమ్ అయిదింటితో. ఒక్క ఐ అక్షరం అదనంగా చేరినందుకు ఊనికా జరిగింది. రసాయనశాస్త్ర సమాఖ్య 1990లో అయిదు సిలబుల్స్ రూపాన్ని ప్రామాణికం చేసి, 1993లో రెండోదాన్నీ అంగీకరించింది. ప్రయోగశాలను బ్రిటన్‌లో ‘బా’పై, అమెరికాలో ‘లా’పై నొక్కుతారు. కేశనాళికకు బ్రిటన్‌లో క-ˈపి-ల-రీ, అమెరికాలో ˈకా-పి-లె-రీ. మెథిల్, మీథైల్ భేదం కూడా ఇలాంటిదే.

తెలుగువారి పలుకులో

తెలుగు అజంత భాష; అరువు మాటలకూ చివర అచ్చు చేరుతుంది (థర్మామీటరు, మైక్రోస్కోపు). ఊనిక చోటు మారితే అర్థం మారే పద్ధతి తెలుగులో లేదు. అందువల్ల ప్రతి సిలబుల్ ఇంచుమించు సమానంగా, ప్రతి అచ్చు రాసిన విలువతో నిండుగా వినిపిస్తుంది. థర్మామీటర్‌లో ‘మీ’ దీర్ఘం కావడం ఇలా వచ్చినదే. తెలుగు వాక్యంలో ఇవి స్థిరపడిన రూపాలు, వాటిని దిద్దనక్కరలేదు. ఆంగ్లంలో మాట్లాడేటప్పుడు మాత్రం వినేవారు ఊనిక స్థానాన్ని బట్టే పదాన్ని పోల్చుకుంటారు కాబట్టి, ఒక హల్లు తప్పు పలికినదానికంటే ఊనిక తప్పినదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

లిపి కూడా కొంత దారి మళ్లిస్తుంది. తెలుగు రాతలో హల్లుల గుత్తి మొత్తం తరువాతి అచ్చును అంటుకుంటుంది. ‘ఎలక్ట్రో’ను కన్ను ఎ-ల-క్ట్రో అని విడదీస్తుంది, ఆంగ్లపు చెవి ఇ-లెక్-ట్రో అంటుంది. అయితే ఛందస్సులో గణాలు కట్టేటప్పుడు మనం ‘ల’ను గురువుగా లెక్కించడం చూస్తే, తెలుగు చెవి కూడా కకారాన్ని వెనుకటి అక్షరానికే చేర్చి వింటోందని తెలుస్తుంది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల ద్వారా అనేక శాస్త్ర పదాలకు తెలుగు రూపాలు వ్యాప్తిలోకి వచ్చాయి. ఫోటోసింథసిస్ స్థానంలో వచ్చిన కిరణజన్య సంయోగక్రియ మూలం కంటే పొడవైనదే, కాని చదవడానికి ఏ నియమమూ అక్కరలేదు; రాసినట్టే పలుకుతాం.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలతో ముడిపడిన పేర్లు ఈ వ్యాస విషయానికి మంచి ఉదాహరణలు. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1929లో వెల్లడించిన పదార్థం అ-ˈడె-న-సీన్ ట్రై-ˈఫాస్-ఫేట్. బోదకాలు నివారణకు నేటికీ పంచే మందు డై-ఎ-థిల్-కార్-ˈబా-మ-జీన్. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లానికి రసాయన నామం టె-రో-ఇల్-గ్లూ-ˈటా-మిక్ ఆమ్లం. అక్కడి నుంచే వచ్చి, సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడిన మందు అ-మి-ˈనాప్-ట-రిన్. రెంటిలోనూ ఉన్నది సీతాకోకచిలుక రెక్కల రంగు పదార్థం పేరే. మొదటిదానిలో పీ మూగది, రెండోదానిలో పలుకుతుంది.

అతి పొడవైన పదాలు

ఆంగ్ల నిఘంటువుల్లో చోటు దక్కిన పదాల్లో అతి పొడవైనదిగా ప్రసిద్ధి చెందినది ఒక ఊపిరితిత్తుల జబ్బు పేరు. 45 అక్షరాలు, 19 సిలబుల్స్: న్యూ-మ-నో-అల్-ట్ర-మై-క్ర-స్కా-పిక్-సి-లి-కో-వాల్-కే-నో-కో-ని-ˈఓ-సిస్. అమెరికాలోని జాతీయ పజిలర్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ 1935లో దీన్ని పొడవు కోసమే కల్పించాడు. వైద్యులు వాడేది నాలుగు సిలబుల్స్ సిలికోసిస్‌నే. కండరాల్లో ఉండే టైటిన్ అనే ప్రొటీన్‌కు అమైనో ఆమ్లాల వరుసను బట్టి పూర్తి రసాయన నామం రాస్తే 1,89,819 అక్షరాలవుతుందని లెక్క వేశారు. అది సూత్రమే తప్ప పదం కాదని నిఘంటుకారుల అభిప్రాయం; ఏ నిఘంటువూ దాన్ని చేర్చలేదు.

పంక్తి చివరి విరుపు, కంప్యూటర్లు

అచ్చులో పంక్తి చివర పదాన్ని విరిచే చోటు, పలుకులో విరిగే చోటు ఎప్పుడూ ఒకటి కావు. ఒంటరి అక్షరాన్ని పంక్తి చివర వదలకూడదన్న ముద్రణ మర్యాద ఒకటుంది. పైగా బ్రిటిష్ ముద్రణ సంప్రదాయం పదమూలం వైపు, అమెరికన్ సంప్రదాయం ఉచ్చారణ వైపు మొగ్గుతాయి.

ఈ విరుపును యంత్రంతో చేయించే పద్ధతిని ఫ్రాంక్లిన్ లియాంగ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1983లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో వివరించాడు. ఏ అక్షరాల గుత్తి దగ్గర విరవవచ్చో, ఎక్కడ విరవకూడదో చెప్పే 4,447 నమూనాలను నిఘంటువు నుంచి రాబట్టాడు. గురువు డొనాల్డ్ కనూత్ తయారుచేసిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ వీటిని వాడుకుంది. కనూత్ ఇంటిపేరు స్పెల్లింగ్ నైఫ్, నీ అనే మాటల్లాగే కే, ఎన్ అక్షరాలతో మొదలవుతుంది. వాటిలో కే పలకదు. ఇంటిపేరులో పలుకుతుంది, తోడుగా ఒక ‘అ’ను కూడా తెచ్చుకుంటుంది: క-ˈనూత్, రెండు సిలబుల్స్.